షెల్డన్ పేరు మీద ముగ్గురి పరీక్ష

కేప్ ఫార్లీ
జూన్ 28

నా తమ్ముడి ఏడాది నువ్వు పాడు చేశావు, అత్తా. బాగున్నావా అని అడగడం లేదు. బాగానే ఉంటావు.

బోర్డు నుంచి వచ్చిన మార్కుల్లో గారెట్ కెమిస్ట్రీకి ఎదురుగా సున్నా ఉంది. పక్కన 'హాజరు కాలేదు' అని ఉంది. నీ బడిలో, నీ కళ్ళెదుట, నువ్వు కూర్చోమన్న కుర్చీలో కూర్చుని మధ్యాహ్నమంతా రాసినవాడు హాజరు కాలేదట! వాడు నాకు ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. 'సరేలే అక్కా' అన్నాడు. పద్దెనిమిదేళ్ళవాడు 'సరేలే' అంటే నాకు ఒళ్ళు మండింది.

సెయింట్ జాన్స్ పట్నంలో ఓడ ఇంజన్ల కాలేజీవాళ్ళు వాడికి సీటిచ్చింది కెమిస్ట్రీ పాసైతేనే అన్న షరతు మీద. ఆగస్టు సగానికల్లా మార్కు చేరకపోతే ఆ సీటు ఇంకెవడికో పోతుంది. నీకు తెలియనిదేం కాదు. సీటు వచ్చిందని తెలిసిన రోజు బడి గంట కొట్టి ఊరందరికీ చెప్పింది నువ్వే.

మీ దగ్గర కెమిస్ట్రీ చెప్పే మనిషి లేడు, ఒప్పుకుంటాను. పాఠం తెర మీద పట్నం నుంచి వస్తుంది. పరీక్షా తెర మీదే వస్తుంది. మరి అక్కడ నువ్వు చేయాల్సింది ఏమిటి? ఎవరి పేరుతో వాళ్ళని ఆ తెర ముందు కూర్చోబెట్టడం. ఆ ఒక్క పని! నేను పన్నెండో క్లాసు ఎందుకు వదిలేశానో కూడా గుర్తు చేసుకో. నా లెక్కల పాఠం శీతాకాలమంతా ఆగిపోయిన బొమ్మలా ఉండిపోతే, 'ఆ డబ్బా సంగతి నాకు తెలీదు తల్లీ, కాసేపు ఆగు, అదే వస్తుంది' అన్నావు. అది రాలేదు. నేను వచ్చి ఇక్కడ పీతల ఫ్యాక్టరీలో లైను మీద నిలబడ్డాను. నా సంగతి పోనీ. వాడిది కూడానా?

ఫోన్ చేస్తే గాలి ఎటు వీస్తోందో చెప్పావు. కాపెలిన్ చేప ఒడ్డుకి వచ్చిందని చెప్పావు. 'కెటిల్ కూస్తోంది తల్లీ' అని పెట్టేశావు. మెయిల్ పంపితే నువ్వు తెరవవు, గారెట్ చేత తెరిపిస్తావు. వాడు ఇది చదవకూడదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగింది?

ట్రూడీ


సాల్టర్స్ ఆర్మ్
జూలై 5

ట్రూడీ తల్లికి,

నీ ఉత్తరం గురువారం పడవలో వచ్చింది. మోజ్ బాబాయి టపా సంచీలోంచి తీసి స్వయంగా గుమ్మంలోకి తెచ్చిచ్చి, 'కవరు మీద రాతలోనే కోపం కనబడుతోంది ఫ్రీడా, టీ పెట్టుకుని విప్పు' అన్నాడు. అలాగే చేశాను. నీ రాత ఇప్పటికీ కుడివైపుకి జారుతోంది.

కాపెలిన్ ఈసారి బాగా వచ్చింది. పిల్లలు బకెట్లు పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో దిగారు. మీ నాన్న తోటకి ఎరువుగా నాలుగు బకెట్లు తీసుకెళ్ళాడు. నడుం పట్టేసిందని మూలుగుతున్నాడు గానీ గారెట్‌ని మాత్రం ఒక్క బకెట్ కూడా మోయనివ్వలేదు. 'వీడి చేతులు ఇంజన్లకి దాచి పెడుతున్నా' అంటాడు.

పరీక్ష సంగతి. యంత్రాలన్నాక పొరపాట్లు చేస్తాయమ్మా. కిందటేడు చనిపోయిన పాస్టర్ గారికి హాజరు తక్కువైందని నోటీసు పంపిన బోర్డే కదా ఇది. వాళ్ళ దగ్గరే ఎక్కడో తికమకైంది. వాళ్ళే చూసుకుని సరిచేస్తారు. నువ్వు తొందరపడి ఎవరికీ ఫోన్లు చేయకు. పెద్దవాళ్ళ విషయం పెద్దవాళ్ళని చూసుకోనివ్వు.

నీ దగ్గు తగ్గిందా? ఆ పీతల ఆవిరి మంచిది కాదు. మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకో. పార్ట్రిడ్జ్‌బెర్రీ జామ్ రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి నీ గదిలో ఉండే అమ్మాయికి ఇవ్వు.

నీ అత్త
ఎల్ఫ్రీడా


కేప్ ఫార్లీ
జూలై 14

అత్తా,

జామ్ అందింది. బాగుంది. జవాబు మాత్రం అందలేదు.

సోమవారం నీ శిష్యుడు షెల్డన్ రోజ్ ఇక్కడ పనికి చేరాడు. నా పక్కనే, పీతల కాళ్ళు విరిచే చోట. భోజనాల వేళ వాణ్ణి గోడకి ఆనించి అడిగాను.

'ఒరే, కెమిస్ట్రీ పరీక్ష నువ్వే రాశావా?'

'రాశానక్కా. ముందు నేను రాశాను. ఆ తర్వాత గారెట్ నేనయ్యాడు. ఆ తర్వాత నాడీన్ నేనయ్యింది.'

'సరిగ్గా చెప్పు, లేకపోతే ఆ పీతల్లో వేస్తాను.'

'సరిగ్గానే చెప్తున్నా. ముగ్గురమూ నేనే. నాడీన్ ఆఖర్న రాసింది గనక నాకు ఎనభై ఎనిమిది వచ్చింది. నా జన్మలో ఎప్పుడూ రాలేదు! మా అమ్మ ఫ్రేము కట్టిద్దామంది. ఈలోగా బోర్డువాళ్ళు ఫోన్ చేసి నేను దొంగనన్నారు.'

అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. 'నేను ఎవరి చేతా రాయించలేదక్కా. నువ్వన్నా నమ్ము' అన్నాడు.

నాకు అర్థమైంది. షెల్డన్ పేరుతో తెరిచిన తెర మూయలేదు నువ్వు. దాని ముందు ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టావు. యంత్రానికి వాళ్ళ మొహాలు తెలియవు అత్తా, తెరిచిన పేరే తెలుసు. షెల్డన్ మూడుసార్లు రాశాడని, మిగతా ఇద్దరూ అసలు రాలేదని అది రాసుకుంది. నాడీన్‌కి ఇంకో ఏడాది ఉంది, మళ్ళీ రాస్తుంది. షెల్డన్‌కి చదువు మీద ఆశ లేదు గానీ పేరు మీద ఉంది. గారెట్‌కి మాత్రం ఈ వేసవి దాటితే ఏమీ లేదు.

పెద్దవాళ్ళు చూసుకుంటారన్నావు. చూసుకోలేదు. అందుకే ఫోన్ చేశాను. మూడో రోజుకి మిసెస్ హాలెట్ అనే ఆవిడ దొరికింది. మంచిదే పాపం, గొంతు అలిసిపోయి ఉంది. 'పరీక్ష దగ్గరుండి పెట్టించిన టీచరు, ఏం జరిగిందో తన ఖాతాలోంచి బోర్డు సైటులో రాయాలి. ఆగస్టు పద్నాలుగు ఆఖరు' అంది.

'అక్క రాస్తే?'

'లేదమ్మా.'

'కుర్రాడు రాస్తే?'

'లేదమ్మా. టీచరే.'

చూశావా? ఊళ్ళో ఆ డబ్బాని వాడటం రాని ఒకే ఒక్క మనిషి చేతిలో పెట్టారు వాడి బతుకు.

రాయి. ఈ వారమే రాయి. నిజం రాస్తే చాలు.

ట్రూడీ


సాల్టర్స్ ఆర్మ్
జూలై 21

ట్రూడీకి,

దాచి లాభం లేదు. నువ్వు అనుకున్నట్టే జరిగింది.

ఆకాశంలోంచి వచ్చే సిగ్నల్ నాలుగు కంప్యూటర్లలో ఒక్కదానికే సరిపోతుంది. ముగ్గురికీ మూడు ఒకేసారి తెరిస్తే అన్నీ ఆగిపోతాయి. అందుకని ఒక్కొక్కరినే కూర్చోబెట్టాను. మిగతావాళ్ళు మా వంటింట్లో బఠాణీ సూప్ తాగుతూ కూర్చున్నారు. షెల్డన్ లేచాడు, గారెట్ కూర్చున్నాడు. నా మటుకు నాకు అది బడి గది తలుపు లాంటిది. తెరిచి ఉంది, లోపలికి రండి. ఈ ఊళ్ళో ఒకరి తర్వాత ఒకరు లోపలికొచ్చేటప్పుడు మధ్యలో తలుపేసి గడియ పెట్టి మళ్ళీ తీసేవాళ్ళు ఎవరున్నారు చెప్పు? తలుపు తట్టాడంటే వాడు పొరుగూరివాడని లెక్క. నేను పుట్టి అరవై ఏళ్ళు కావస్తోంది, మా ఇంటికి తాళంచెవి ఎలా ఉంటుందో చూడలేదు. ఒక పేరు మూసి ఇంకో పేరు తెరవాలని నాకు తట్టనేలేదు.

నేర్చుకోలేదా అంటావు. డబ్బాలు పంపినప్పుడు పట్నంలో రెండ్రోజుల శిక్షణ పెట్టారు. నేను వెళ్తే బడి మూయాలి, ఇక్కడ ఇంకో టీచరు లేదు. రాలేనని రాశాను. 'పరవాలేదు మేడమ్, పాఠాలన్నీ సైటులోనే ఉన్నాయి, కంప్యూటర్ తెరిచి చూసి నేర్చుకోండి' అని జవాబిచ్చారు. ఈత రానివాడికి నడి సముద్రంలో పుస్తకం దాచిపెట్టారమ్మా! మోజ్‌కి చెబితే పడిపడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత పిల్లలే అన్నీ చేసి పెడుతుంటే రోజులు గడిచిపోయాయి.

ఇక, రాయమన్నావు. రాస్తే ఏమవుతుందో విను.

సెప్టెంబరులో బోర్డు మనిషి వస్తున్నాడు, బడి ఉంచాలా తీసేయాలా అని చూడడానికి. పదకొండు మంది పిల్లలు, ఒక టీచరు. పెద్ద క్లాసులు తెర మీద నడిపించగల మనిషి ఇక్కడ ఉందన్న ఒక్క కారణం మీదే దీన్ని ఉంచారు. ఆ మనిషికి తెర తీయడం, మూయడం కూడా రాదని నా చేత్తో నేనే రాసిస్తే ఇంక చూడటానికి ఏముంటుంది? బడి పోతే పిల్లలున్న ఇళ్ళు ముందు వెళ్తాయి. డబ్బిస్తాం, ఊరు ఖాళీ చేస్తారా అని ప్రభుత్వంవాళ్ళు ఇదివరకు ఒకసారి ఓటు పెట్టారు, మనం గట్టెక్కాం. ఈసారి గట్టెక్కం. మన డర్న్‌ఫోర్డ్ వాళ్ళు అప్పుడే సామాను సర్దడానికి పెట్టెలు కొలుచుకుంటున్నారు. అందరూ వెళ్ళిపోతే కరెంటు తీసేస్తారు, పడవ ఆపేస్తారు. మీ నాన్న ఈ రేవు వదిలి ఎక్కడ బతుకుతాడు?

గారెట్ పడవ మీద వెళ్తున్నాడు మీ నాన్నతో. ఎండకి ముక్కు తోలు ఊడింది. సంతోషంగానే ఉన్నట్టున్నాడు. ఒక్క ఏడాది ఆగితే మళ్ళీ పరీక్ష రాయొచ్చు కదా తల్లీ. ఒక్క ఏడాదేగా.

నన్ను తిట్టుకో. కానీ ఇంకెవరికీ చెప్పకు.

అత్త


కేప్ ఫార్లీ
జూలై 27

అత్తా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. మొదటిసారి బూతులు వచ్చాయి. రెండోసారి నేను చెప్పింది నాకే అర్థం కాలేదు. మూడోసారి నీ మీద జాలి వచ్చింది, అదీ చించేశాను.

ఒక్క ఏడాది అంటున్నావు. నేనూ ఒక్క ఏడాదే అనుకుని ఇక్కడికి వచ్చాను. లైను మీద ఒక ఏడాది ఎలా ఉంటుందో తెలుసా? వేళ్ళు కొంకర్లు పోతాయి, రాత్రి పడుకుంటే ఊపిరిలో ఈల వస్తుంది, పొద్దున మళ్ళీ వెళ్తాం. 'వచ్చే ఏడు' అనే మాట ఇక్కడ అందరి నోటా ఉంది. నాకంటే ఇరవై ఏళ్ళు ముందొచ్చినవాళ్ళ నోటా ఉంది.

నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదనుకోకు. మా దగ్గరా ఈ ఏడు తూకం దగ్గర తెరలు పెట్టారు. ఎవరికీ నేర్పలేదు. 'నొక్కుతుంటే అదే వస్తుంది' అన్నాడు ఫోర్‌మన్. నేను నొక్కాను, తప్పులు చేశాను, తిట్లు తిన్నాను, కొంచెం వచ్చింది. ఇప్పటికీ సగం మీటలు ఎందుకున్నాయో నాకు తెలియదు. మినర్వా ఆంటీకి నొక్కడానికే చేయి రాలేదు. తప్పు నొక్కితే అందరూ చూస్తారని. పద్దెనిమిదేళ్ళు తూకం దగ్గర ఉన్న మనిషిని తీసుకెళ్ళి నేల కడగడానికి వేశారు. కాబట్టి నువ్వెందుకు నేర్చుకోలేదో నాకు తెలుసు. కానీ మినర్వా ఆంటీ నొక్కకపోతే పీతల తూకం తప్పుతుంది. నువ్వు నొక్కకపోతే పిల్లలు తప్పుతారు. టీచరువి అత్తా నువ్వు! రాదు అనే మాట పిల్లలు నీ దగ్గర అంటే ఊరుకునేదానివా? 'రాదు అనకు, ఇంకా రాలేదు అను' అని నాతో ఎన్నిసార్లు అనిపించావు?

బడి సంగతి. ఆలోచించి ఆలోచించి తల పగిలింది. నువ్వు నిజం చెబితే ఊరు పోవచ్చు. చెప్పకపోతే వాడు పోతాడు. ఇలాంటి లెక్క పిల్లలకి ఎవరైనా ఇస్తారా?

ఇంకోటి. ఆదివారం గారెట్‌కి ఫోన్ చేశాను. ఏమీ చెప్పడే!

'పరీక్ష రోజు నీకు తెర మీద షెల్డన్ పేరు కనబడలేదుట్రా? గుడ్డివాడివా?'

'అత్త జోలికి వెళ్ళకక్కా.'

'నేనడిగింది అది కాదు.'

'నాకు చేపలు పట్టడం ఇష్టమే. వదిలెయ్.'

వాడికి చేపలు పట్టడం ఇష్టం లేదు. పడవలో వాడు చూసేది ఇంజనొక్కటే. ఏడేళ్ళప్పుడు నాన్న పడవ ఇంజను విప్పి వంటింటి బల్ల మీద పరిచి, అమ్మ చేత చీపురు దెబ్బలు తిన్నవాడు. వాడేదో దాస్తున్నాడు. నీ కోసం దాస్తున్నాడు. అదేమిటి?

ట్రూడీ


సాల్టర్స్ ఆర్మ్
ఆగస్టు 3

ట్రూడీ,

చెప్తాను. చెప్పాక నీకు నేను అత్తనో కానో నువ్వే తేల్చుకో.

గారెట్‌కి పేరు కనబడింది. కూర్చోగానే వెనక్కి తిరిగి, 'అత్తా, దీంట్లో షెల్డన్ పేరుంది, మూసి మళ్ళీ తెరవనా?' అన్నాడు. మూసేస్తే సిగ్నల్ పోతుందేమో, మళ్ళీ తెరుచుకోదేమో, తెరుచుకోకపోతే ఏం చేయాలో నాకు తెలియదని వాడికి తెలిసిపోతుందేమో, ఇవన్నీ ఒక్కసారే వచ్చాయి నాకు. భయమేసింది. భయమేసినప్పుడు టీచర్లు ఏం చేస్తారో అదే చేశాను. గొంతు పెంచాను. 'పరీక్షలో మాట్లాడకూడదని తెలీదా? ఎవరి పేపరు ఎవరిదో దానికి తెలుసు. నోర్మూసుకుని రాయి' అన్నాను.

వాడు రాశాడు. నేను చెప్పాను కాబట్టి రాశాడు.

ఆ మాట ఇంతవరకూ మీ నాన్నకి కూడా చెప్పలేదు వాడు. రోజూ సాయంత్రం చేప తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తాడు. లోపలికి రమ్మంటే 'బూట్లు తడిగా ఉన్నాయత్తా' అంటాడు. ఈ ఊళ్ళో తడి బూట్లతో నా వంటింట్లోకి రానివాడు ఎవడు?

నీ ఉత్తరం రాకముందే నేను బోర్డుకి రాశాను. పెన్నుతో రాశాను, అంతా ఉన్నదున్నట్టు, బడి ఏమైతే అదే అవుతుందని. గురువారం పడవలో అది తిరిగొచ్చింది. కాగితాలు తీసుకోరట, సైటులోనే రాయాలట. సరే అని ఆ రాత్రి బడికి వెళ్ళి కూర్చున్నాను. ఎవరి సాయమూ వద్దనుకున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుని ఒక వేలితో కొట్టాను. ముప్పావు వంతు అయింది. తలెత్తి చూస్తే 'సమయం మించిపోయింది' అని చెప్పి మొత్తం మాయమైంది. మళ్ళీ తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. అది ఎప్పుడో నాడీన్ పెట్టింది. నాకు గుర్తున్నవన్నీ కొట్టాను. నా ఖాతా మూసేశామంది. తెరవాలంటే సెల్‌ఫోన్‌కి అంకెలు పంపిస్తారట. ఈ రేవులో సెల్‌ఫోన్ ఎక్కడ పలుకుతుంది ట్రూడీ? మోజ్‌ది తీసుకుని కొండ ఎక్కాను. పొగమంచు తప్ప ఏమీ దొరకలేదు.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ ఊరికి చదువు చెప్పాను. నా పేరుతో నాలుగు వాక్యాలు రాసి పంపలేకపోయాను.

ఇంక నాకు ఏం చేయాలో తెలియదు. నిజంగా తెలియదు.

ఎల్ఫ్రీడా


కేప్ ఫార్లీ
ఆగస్టు 7

నోర్మూసుకుని రాయమన్నావు. వాడు చెప్పింది ఒక్క నిమిషం విని ఉంటే ఈ ఉత్తరాలేవీ లేవు. ఇది నేను క్షమించడం లేదు, అత్తా. ఎప్పటికైనా క్షమిస్తానేమో, ఇప్పుడు కాదు. అత్తవి కావని మాత్రం అనను. అలా అనడం నాకు చేతకాదు.

మిసెస్ హాలెట్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. నువ్వు చేత్తో రాసి పంపావని చెప్పాను. 'అయ్యో' అంది. ఆ 'అయ్యో' నిజమైనదే. తర్వాత, తీసుకోవడానికి లేదమ్మా అంది. నీ ఖాతాకి నా సెల్ నంబరు పెట్టమన్నాను. టీచరు గొంతు స్వయంగా వింటే పెడతానంది. ఆ అంకెలు వచ్చాక నిమిషాల్లో కొట్టాలి, లేకపోతే చెల్లవు. నేను చూసి నీ ఇంటి ఫోన్‌కి చెప్పినా, నువ్వు బడికి చేరి వేలితో వెతుక్కునేలోపు గడువు తీరిపోతుంది. అంటే ఫోన్ పలికే చోట, ఆ ఫోన్ పక్కన, నువ్వు కూర్చుని ఉండాలి. సాల్టర్స్ ఆర్మ్‌లో అది కాదు. ఇక్కడ అవుతుంది.

'అదంతా చేస్తే మార్కు సరిచేస్తారా?' అని అడిగాను.

'పరిశీలిస్తారు' అంది.

'సరిచేస్తారా?'

'నేను చెప్పలేనమ్మా. నేను ఫోన్లు తీసే మనిషిని.'

అరుద్దామనుకున్నాను. ఎవరి మీద అరవను? ఆవిడా నీలాంటిదే, నాలాంటిదే. ఎవరో పెట్టిన తెర ముందు కూర్చుని, అది ఏం చూపిస్తే అది చెబుతోంది.

కాబట్టి విను. నీకు నేను ధైర్యం చెప్పడం లేదు, నా దగ్గర లేదు. గారెట్ మార్కు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా కాలేజీ ఆగుతుందో లేదో తెలియదు. నువ్వు రాసింది చదివి సెప్టెంబరులో వచ్చేవాడు బడికి తాళం వేస్తే నాన్న నా మొహం చూడడు, నేను తప్పని కూడా అనలేను. ఇవన్నీ తెలిసే అడుగుతున్నాను.

గురువారం పడవ ఎక్కి రా. గారెట్‌ని వెంట తీసుకురా. బూట్లు తడిగా ఉన్నాయంటే తడిగానే రమ్మను. ఫ్యాక్టరీ ఆఫీసులో శుక్రవారం పొద్దున ఒక గంట కంప్యూటర్ ఇస్తానని ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. దానికి బదులు రెండు ఆదివారాలు నేలలు కడుగుతున్నాను, మినర్వా ఆంటీ పక్కన. శుక్రవారమే పద్నాలుగో తారీకు. దాని తర్వాత ఇంకో రోజు లేదు.

నేను నీ పక్కన కూర్చుంటాను. మీటలు మాత్రం ముట్టను. నీ వేలితో నువ్వే కొట్టాలి. సమయం మించిపోకుండా మధ్యమధ్యలో ఏం నొక్కాలో చూపిస్తాను. షెల్డన్ దొంగ కాదని రాయి. గారెట్ వచ్చాడని, కూర్చున్నాడని, పేరు తప్పుందని నీతో చెప్పాడని, నువ్వే వాడి నోరు మూయించావని రాయి. ఆ ఆఖరి వాక్యం గారెట్ ముందు కొట్టు. అదే నీ దగ్గర నేను అడిగేది.

ఈ ఉత్తరం సోమవారం పడవలో వస్తుంది. ఆ పడవ రేవులో ఒక గంట ఆగుతుంది. అది తిరిగి బయల్దేరేలోపు జవాబు రాసి మోజ్ బాబాయి చేతికి ఇవ్వు. వాతావరణం వద్దు, చేపలు వద్దు, నా దగ్గు వద్దు. వస్తున్నావా, రావడం లేదా, అది రాయి.

ట్రూడీ